జబ్బు తర్వాత మొదటి ప్రయాణం: ఇద్దరూ మళ్ళీ కలిసి బయల్దేరడం ఎలా

మా ఇంట్లో వీధి తలుపు పక్కన ఒక సంచీ ఉండేది. రెండు లుంగీలు, ఒక దుప్పటి, ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, ఫోన్ చార్జరు, రెండు వేళ్ళ మందాన ఆస్పత్రి ఫైలు. మా వారికి గుండెకి బైపాస్ ఆపరేషన్ అయ్యాక పది నెలలు ఆ సంచీ అక్కడే ఉంది. అర్ధరాత్రి ఏదైనా అయితే వెతుక్కోకుండా పట్టుకుని వెళ్ళిపోవచ్చని నేనే సర్ది పెట్టాను. రోజూ ఊడ్చేటప్పుడు పక్కకు జరిపి మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. ఒకరోజు పొద్దున ఆయన కాఫీ తాగుతూ దానివైపు చూసి, "ఇక మనం ఎక్కడికి వెళ్ళినా ఈ సంచీతోనేనా?" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

విజయవాడలో ఉండేవాళ్ళకి ప్రయాణం పెద్ద విషయం కాదు. ఏ దిక్కుకి వెళ్ళాలన్నా రైలు దొరుకుతుంది. పెళ్ళయిన కొత్తలో చేతిలో పెద్దగా డబ్బు లేకపోయినా పొద్దున్నే రైలెక్కి అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకుని, ఆకులో ప్రసాదం పట్టుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్ళం. అలాంటిది ఆపరేషన్ తర్వాత బీసెంట్ రోడ్డుకి వెళ్ళి ఒక జత చెప్పులు కొనుక్కురావడానికే గుండె దడ పుట్టేది. ఆయనకి కాదు, నాకు.

ఇప్పుడు మూడేళ్ళయింది. మళ్ళీ తిరుగుతున్నాం. ఈ మధ్యలో నాకు తెలిసివచ్చింది ఒకటే. నర్సు పని ఎంత ఉన్నా ఇంటి దగ్గరే ముగించుకోవాలి. అడగాల్సినవి, రాయాల్సినవి, సర్దాల్సినవి అన్నీ ముందే అయిపోతే, రైలు కదిలాక పక్కన కూర్చున్న మనిషి పేషెంటులా కాకుండా మొగుడిలా కనిపిస్తాడు. కింద రాసినవన్నీ అందుకోసమే. మాది గుండె జబ్బు కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను. భార్యకి జబ్బు చేసి భర్త చూసుకుంటున్న ఇళ్ళకి కూడా ఇందులో చాలావరకు వర్తిస్తుంది.

ముందు ఆస్పత్రి సంచీ విప్పండి

ఆస్పత్రి కోసం సర్దిన సంచీని ప్రయాణానికి వాడకండి. దుప్పటి ఉతికి బీరువాలో పెట్టండి. ఫైలులోంచి నాలుగు కాగితాలు మాత్రం పక్కకు తీయండి: డిశ్చార్జి సమ్మరీ, చివరి ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు, చివరి ఈసీజీ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. వాటిని ఇద్దరి ఫోన్లలో ఫొటో తీసి ఉంచుకోండి. ఒక జిరాక్స్ సెట్ సంచీలో పెట్టండి. ఈసీజీ ఎందుకంటే, ఒకసారి గుండెపోటు వచ్చినవారి ఈసీజీ బాగున్న రోజున కూడా వేరుగా ఉండవచ్చు. కొత్త ఊళ్ళో డాక్టర్‌కి పాతది కనిపిస్తే ఇప్పుడు కొత్తగా ఏం మారిందో వెంటనే తెలుస్తుంది.

వీటితోపాటు ఒకే ఒక్క కాగితం తయారుచేయండి. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఏ ఆపరేషన్, ఎప్పుడు, పడని మందులు, వాడే మందుల అసలు పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, డాక్టర్ నంబరు, ఇంకో ఇద్దరి నంబర్లు. ఒక వైపు తెలుగులో, వెనక ఇంగ్లిషులో. కంపెనీ పేర్లు ఊరు మారితే దొరక్కపోవచ్చు, అందుకని మందు అసలు పేరు ఉండాలి. ఈ కాగితం ఆయన చొక్కా జేబులో ఒకటి, మీ హ్యాండ్‌బ్యాగులో ఒకటి.

డాక్టర్‌ని "వెళ్ళొచ్చా?" అని అడగకండి

ఆ ప్రశ్నకి ఎవరైనా "వెళ్ళండి, జాగ్రత్త" అనే అంటారు. సూర్యారావుపేటలో డాక్టర్ గది బయట రెండు గంటలు కూర్చుని, లోపల ఆ రెండు మాటలు విని బయటికొచ్చిన రోజులు మాకున్నాయి. జాగ్రత్త అంటే ఏమిటో తెలియక నేను అన్నీ వద్దనేదాన్ని. తర్వాత ప్రశ్నలు ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. మీరూ ఇలా అడగండి.

ఆగకుండా ఎన్ని గంటలు కూర్చోవచ్చు? ఎన్ని అంతస్తులు ఎక్కవచ్చు? ఎన్ని కిలోలు ఎత్తవచ్చు? కారు నడపవచ్చా? రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలి? ప్రయాణం రోజున ఒంటేలు ఎక్కువ అయ్యే మాత్ర వేళ మార్చుకోవచ్చా? ఛాతీలో నొప్పి వస్తే మొదటి పది నిమిషాల్లో నేను వరసగా ఏమేం చేయాలి? ఈ చివరి ప్రశ్నకి జవాబు రాయించుకోండి. నోటితో చెప్పింది కంగారులో గుర్తుండదు.

బైపాస్‌లో కోసిన రొమ్ము ఎముక గట్టిపడడానికి మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా సూట్‌కేసు ఎత్తడమే కాదు, రైలు తలుపు కమ్మీ పట్టుకుని ఒంటిచేత్తో ఒంటిని పైకి లాక్కోవడం కూడా మంచిది కాదు. మనం బరువు సంగతే గుర్తుపెట్టుకుంటాం, ఈ లాక్కోవడం సంగతి తట్టదు. కారులో సీటుబెల్టు ఒరుసుకుంటుందని తీసేయకండి. మడతపెట్టిన తువ్వాలు మధ్యలో పెట్టుకుని బెల్టు పెట్టుకోవాలి.

వేరే జబ్బులవారికి అడగాల్సినవి వేరే. కీమో జరుగుతుంటే తెల్ల రక్తకణాలు తగ్గే రోజులు ఏవో అడిగి, ఆ రోజుల్లో జనంలోకి వెళ్ళకుండా చూసుకోవాలి. డయాలిసిస్ చేయించుకునేవారు వెళ్ళే ఊళ్ళో సెంటర్‌తో ముందే మాట్లాడి, ఏ రోజు, ఏ వేళకి అన్నది ఖాయం చేసుకున్నాకే టిక్కెట్టు తీయాలి. పక్షవాతం వచ్చి తగ్గినవారికి తోడుగా ఉన్నవాళ్ళు మూతి వంకర, చేయి వాలిపోవడం, మాట తడబడడం ఈ మూడు గుర్తులూ మర్చిపోకూడదు. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి అవి మొదలైనప్పటినుంచి నాలుగున్నర గంటలే గడువు. అందుకే వెళ్ళే ఊళ్ళో స్కానింగ్ ఉన్న ఆస్పత్రి ఎక్కడుందో ఇంట్లో ఉండగానే చూసుకోవాలి.

ఇద్దరి భయాలు వేరు, అవి బయటపెట్టుకోండి

ఈ పని మేం చాలా ఆలస్యంగా చేశాం. ముందే చేసి ఉంటే ఏడాది కలిసొచ్చేది.

ఒక సాయంత్రం టీవీ కట్టేసి చెరో కాగితం తీసుకున్నాం. ప్రయాణంలో దేనికి భయపడుతున్నామో రాయాలని. నేను రాసింది: తెలియని ఊళ్ళో రాత్రిపూట ఆయనకి నొప్పి వస్తే ఎవరిని లేపాలి? ఆయన కాగితంలో నొప్పి మాటే లేదు. నదిలో స్నానానికి చొక్కా విప్పితే గుండెల మీద గాటు అందరూ చూస్తారని రాశారు. మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని రాశారు. మూడోది, "నువ్వు దారి పొడవునా నా మొహమే చూస్తూ కూర్చుంటావు" అని.

అది నిజమే. రాత్రిళ్ళు ఆయన ఛాతీ పైకి లేస్తోందా లేదా అని చూస్తూ పడుకునే అలవాటు నాకు పడిపోయింది. ఆయనకి తెలియదనుకున్నాను.

మీరు కూడా రాసుకోండి. రాశాక ఒక్కొక్క భయానికి ఎదురుగా ఒక పని రాయండి. గాటు గురించి భయమైతే ఘాట్‌లో స్నానం బదులు నీళ్ళు తల మీద చల్లుకుని రావచ్చు, లేదా బనీనుతోనే మునగవచ్చు. బాత్రూమ్ భయమైతే బస్సు మానేసి రైలెక్కాలి. రాత్రి భయమైతే రిసెప్షన్ నంబరు, ఆ ఊళ్ళో ఒక ఆస్పత్రి నంబరు ఫోన్‌లో ముందే ఎక్కించుకోవాలి. ఏ పనీ దొరకని భయం ఒకటో రెండో మిగిలిపోతాయి. అవి ఉంటాయి. ఇద్దరికీ తెలిసి ఉంటే చాలు.

దూరం మెట్లుమెట్లుగా పెంచండి

మేం చేసిన తప్పు చెబుతాను. నాలుగో నెలలోనే మొక్కు తీర్చాలని బంధువులు తొందరపెట్టారు. పదకొండుమందిమి ఒక వ్యాన్‌లో తిరుపతి బయల్దేరాం. ఆ ఆస్పత్రి సంచీ నా కాళ్ళ దగ్గరే ఉంది. మధ్యలో ఆపమని అడగడానికి ఆయనకి మొహమాటం. ఒంగోలు చేరేసరికి బైపాస్ కోసం నరం తీసిన కాలు వాచిపోయింది. నేను డ్రైవర్ మీద కేకలేశాను, బజ్జీ తిన్నందుకు ఆయన మీద కేకలేశాను. నెల్లూరులో మేమిద్దరం దిగిపోయి రైల్లో వెనక్కి వచ్చాం. ప్రమాదమేమీ జరగలేదు, కాలు రెండు రోజుల్లో తగ్గింది. కానీ ఆ రాత్రంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఆ తర్వాత ఆరు నెలలు ప్రయాణం ఊసెత్తలేదు.

రెండోసారి ఇలా మొదలుపెట్టాం. మొదటి మెట్టు గంటా రెండు గంటలు. భవానీపురం పున్నమి ఘాట్ దగ్గర సాయంత్రం కూర్చుని రావడం. కొన్నాళ్ళకి అక్కడినుంచే పడవలో భవానీ ద్వీపం. రెండో మెట్టు ఒక పూట. మంగళగిరిలో దిగువ సన్నిధి చూసుకుని, చేనేత చీరల కొట్లో కాసేపు కూర్చుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి. ఉండవల్లి గుహలు కూడా దగ్గరే, కానీ అనంతపద్మనాభస్వామిని చూడాలంటే పై అంతస్తుకి ఎక్కాలి, అందుకని మొదటిసారి కింద పచ్చికలో కూర్చుని వచ్చేశాం. మూడో మెట్టు ఒక పూర్తి రోజు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు. చిలకలపూడి పాండురంగడు, మంగినపూడి బీచ్. దారి సుమారు 70 కిలోమీటర్లు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు, అన్నింటికంటే ముఖ్యం ఎక్కడా కొండ లేదు. నాలుగోది ఒక రాత్రి బయట పడుకోవడం. ఆ తర్వాతే దూరపు రైలు.

ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎప్పుడు వెళ్ళాలో తేల్చేది ప్రయాణం రోజు కాదు, మర్నాడు. వెళ్ళిన రోజు ఉత్సాహంలో అలసట తెలియదు. మర్నాడు పొద్దున మామూలు వేళకి లేచి మామూలుగా నడవగలిగితే తర్వాతి మెట్టు ఎక్కవచ్చు. మర్నాడంతా మంచం మీదే ఉంటే అదే మెట్టు ఇంకో రెండుసార్లు చేయండి. నాకు నచ్చిన లెక్క ఇదే, ఎందుకంటే ఇందులో వాదన ఉండదు.

నెలలు చూసుకోండి

ఏప్రిల్ నుంచి జూన్ మధ్యవరకు మన బెజవాడ ఎండల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే తట్టుకోలేరు. ఒంట్లో నీరు తీసే మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్ళు ఎండలో నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతారు. రోహిణి కార్తెలో పెళ్ళి పిలుపు వచ్చినా అక్షింతలు వేయడానికి సాయంత్రం వెళ్ళండి చాలు. కార్తీకం నుంచి మాఘం దాకా హాయి. అయితే కార్తీక సోమవారాలు అమరావతి వద్దు, దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి వద్దు, సంక్రాంతికి ముందు వెనకల రైళ్ళు వద్దు. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. 2015లో రాజమండ్రిలో మొదటిరోజే తొక్కిసలాట జరిగి ఎన్ని ప్రాణాలు పోయాయో మనం మర్చిపోలేదు. పుష్కర స్నానానికి పన్నెండు రోజులుంటాయి. మొదటి రోజు, ఆఖరి రోజు, సెలవురోజు వదిలేసి, ఊరి పక్క చిన్న ఘాట్ చూసుకోండి.

ఏ బండి?

నా ఓటు పగటి రైలుకి. లేచి నడవవచ్చు, బాత్రూమ్ ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు. విజయవాడనుంచి పొద్దున్నే బయల్దేరే పినాకిని చెన్నై వైపు, రత్నాచల్ విశాఖ వైపు వెళ్తాయి. ఆరేడు గంటల ప్రయాణం పగటిపూటే అయిపోతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. రాత్రి రైలైతే కింది బెర్తుల కోటా మర్చిపోకండి. మగవారికి 60 ఏళ్ళు, ఆడవారికి 45 ఏళ్ళు దాటితే, ఒక టిక్కెట్టు మీద ఒకరు గానీ ఇద్దరు గానీ ఉంటే ఆ కోటాలో అడగవచ్చు. పిల్లల పేర్లు కూడా కలిపి నలుగురికి ఒకే టిక్కెట్టు తీస్తే ఆ అవకాశం పోతుంది.

విజయవాడ స్టేషన్‌లో పది ప్లాట్‌ఫారాలు. రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో తెలిసేవరకు మెట్ల దగ్గర నిలబడి, చివరి నిమిషంలో జనంతో పరుగెత్తే పద్ధతి ఇక మానుకోవాలి. ముప్పావుగంట ముందే వెళ్ళండి. లిఫ్టు ఎటుందో కూలీని అడగండి, సామాను అతనికే ఇవ్వండి. వీల్‌చైర్ అడగడానికి మా వారు చాలా నామోషీ పడ్డారు. "నడవగలిగినవాడిని కదా" అనేవారు. నడవగలరు, కానీ ఆ ఓపిక దిగాక ఊరు చూడడానికి దాచుకుందామని చెప్పాక ఒప్పుకున్నారు. దారిలో ఒంట్లో బాగోకపోతే 139కి ఫోన్ చేస్తే వచ్చే స్టేషన్‌లో వైద్య సాయానికి ఏర్పాటు చేస్తారు.

కారైతే గంటన్నరకోసారి ఆగి ఐదు నిమిషాలు నడవాలి. కూర్చున్నప్పుడు కూడా పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ ఉండాలి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే దాన్ని అలసట అనుకోకండి, డాక్టర్‌కి చూపించండి. బస్సైతే మధ్య వరసలు తీసుకోండి, వెనక సీట్లలో కుదుపులు ఎక్కువ.

మందులు

మందులు రెండు సెట్లుగా సర్దండి. ఒకటి మీ హ్యాండ్‌బ్యాగులో, ఒకటి ఆయన భుజాన వేసుకునే చిన్న సంచీలో. సూట్‌కేసులో అసలు పెట్టకండి, సూట్‌కేసు ఎప్పుడూ మనకి దూరంగానే ఉంటుంది. వెళ్ళే రోజులకి ఇంకో మూడు రోజులవి అదనంగా పెట్టండి. మాత్రలు పట్టీల్లోనే ఉంచండి, విడిగా డబ్బాలో పోస్తే పేరూ తేదీ తెలియవు. వేళ గుర్తుచేయడానికి అలారం ఆయన ఫోన్‌లోనే పెట్టండి, మీ ఫోన్‌లో కాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మాత్ర ఆయన చొక్కా జేబులోనే ఉండాలి. ఎండలో ఆపిన కారులో వదిలేయకండి, వేడికి మందు బలం తగ్గిపోతుంది. బయల్దేరేముందు తేదీ చూడండి. ఆ మాత్ర నిలబడి వేసుకోకూడదు, బీపీ తగ్గి పడిపోతారు. కూర్చోబెట్టి పెట్టాలి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే ఇంక ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. రెండో మాత్ర ఎప్పుడు, ఎన్ని అన్నది మీ డాక్టర్ రాసిచ్చిన కాగితం ప్రకారమే.

రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారికి ఇంకో మాట. గోంగూర, తోటకూర, పాలకూరలాంటి ఆకుకూరలు ఎక్కువ తిన్నా, అలవాటున్నవి ఒక్కసారిగా మానేసినా ఆ మందు పనితీరు మారుతుంది. ఊరు మారినా ఆకుకూర మాత్రం ఇంట్లో తిన్నంతే తినాలి. దూరం వెళ్ళేముందు రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుని వెళ్ళడం మంచిది.

ఇన్ని రాసుకున్న నేను అన్నవరం వెళ్ళినప్పుడు నా బీపీ మాత్రలు ఇంట్లో మర్చిపోయాను. ఆయనవి రెండు సెట్లు, నావి సున్నా. చూసుకునేవారి మందులు జాబితాలో మొదటి వరసలో రాయండి. మనం పడిపోతే ఆయన్ని చూసేదెవరు?

గది ఎలా చూసుకోవాలి

ఫోన్ చేసి "లిఫ్టు ఉందా?" అంటే "ఉందండి" అంటారు. మేం దిగిన ఒక లాడ్జిలో లిఫ్టు నిజంగానే ఉంది, కానీ పన్నెండు మెట్లు ఎక్కాక మొదలయింది. అందుకని ఇలా అడగండి: రోడ్డు మీదనుంచి గది తలుపుదాకా ఎన్ని మెట్లున్నాయి? కరెంటు పోతే లిఫ్టు జనరేటర్ మీద నడుస్తుందా? వెస్ట్రన్ టాయిలెట్ ఉందా? వేణ్ణీళ్ళు ఏ వేళకి వస్తాయి? బాత్రూమ్ నేల నున్నగా ఉంటుందా? ఇంకో రెండు దిళ్ళు ఇస్తారా? పడుకున్నప్పుడు ఆయాసం వచ్చేవారికి తల ఎత్తు కావాలి.

గదిలో దిగగానే బాత్రూమ్ గడియ లోపలినుంచి పెట్టుకోకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి.

తిండి

రోజుకి ఉప్పు ఐదు గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఒక టీ స్పూను. మనవైపు ఆవకాయ, పప్పుచారు, అప్పడం కలిసి ఒక్క పూటలోనే అది దాటిపోతుంది. హోటల్లో ఇడ్లీ మంచిదే, దాని పక్కన గిన్నెలో ఉన్న సాంబారే సమస్య. పెరుగన్నం, పుల్కా, ఉప్పు లేకుండా ఉడికించిన కూర అడిగితే చాలాచోట్ల చేసి ఇస్తారు. అడగాలి అంతే. అయితే ప్రతి ముద్దకీ అడ్డుపడకండి. గాంధీనగర్ బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ ఆయనకి ప్రాణం. నెలకొకసారి ఒక్క ఇడ్లీ తింటానంటే డాక్టరే సరే అన్నారు. ఆ రోజు నేనేమీ అనను.

బయల్దేరాక

ఇంటి దగ్గర ఇంత చేసింది ఇందుకే. ఇక్కడినుంచి చేయాల్సినవి తక్కువ, మానుకోవాల్సినవి ఎక్కువ.

"ఎలా ఉంది?" అని అడగడం రోజుకి మూడుసార్లకే పరిమితం చేసుకోండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మాత్రలప్పుడు. మిగతా వేళల్లో అడగకూడదు. దీనికి బదులుగా ఆయన ఒక మాట ఇవ్వాలి. ఏ కాస్త తేడా అనిపించినా దాచకుండా చెబుతానని. మా ఇద్దరి మధ్య దానికి ఒక మాట ఉంది, "కూర్చుందాం." ఆయన ఆ మాటంటే ఎక్కడున్నా సరే కూర్చుంటాం. గుడి మెట్లమీదైనా, కొట్టు అరుగుమీదైనా. ఏమైంది, నొప్పా, ఆయాసమా అని నేను వెంటనే అడగను. ఐదు నిమిషాలు పక్కన ఊరికే కూర్చుంటాను. నొప్పైతే ఆయనే చెబుతారు. చాలాసార్లు అలసట మాత్రమే. మొదట్లో ఆ ఐదు నిమిషాలు నోరు మూసుకుని ఉండడం నాకు చాలా కష్టమైంది. ఇప్పుడు ఆ మాట నేను కూడా వాడుతున్నాను, నాకూ మోకాళ్ళ నొప్పులున్నాయి.

అలారం ఆయన ఫోన్‌లో పెట్టమన్నది కూడా ఇందుకే. జబ్బుపడిన రోజుల్లో బ్యాంకు, గ్యాసు, కరెంటు బిల్లు, మందులు అన్నీ మన చేతుల్లోకి వచ్చేస్తాయి. కోలుకున్నాక కూడా తిరిగి ఇవ్వం. ప్రయాణం వాటిని తిరిగి ఇవ్వడానికి మంచి సందు. టిక్కెట్లు తీయడం, ఆటో బేరం, ఖర్చుల లెక్క, దారి అడగడం ఆయనకి వదిలేయండి. పదిరూపాయలు ఎక్కువిచ్చారని అనకండి. మంగినపూడిలో ఆయన కొబ్బరిబొండాల అబ్బాయితో అరగంట చేపల రేట్ల గురించి మాట్లాడుతుంటే నేను ఇసకలో కూర్చుని వింటూ ఉన్నాను. ఏడాదిన్నర తర్వాత ఆ గొంతు అంత గట్టిగా విన్నాను.

రాత్రి సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు, డాక్టర్‌ని అడగడానికి నోరు రాదు. జబ్బు తర్వాత చాలామంది దంపతులు వేర్వేరు మంచాల మీదికి వెళ్ళిపోతారు, ముట్టుకుంటే ఏమవుతుందోనని. ఆయాసం, ఛాతీ నొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే దాంపత్యానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అయినా మీ డాక్టర్‌ని ఒకసారి అడగండి, వాళ్ళకిది మామూలు ప్రశ్నే. ఒక్క హెచ్చరిక మాత్రం ప్రాణానికి సంబంధించింది. మగవారి సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్, టాడలాఫిల్ రకం మాత్రలు, సార్బిట్రేట్ రకం గుండె మాత్రలు కలవకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. మందుల షాపులో ఎవరో ఇచ్చారని వేసుకోకూడదు. వేసుకుని ఉంటే, నొప్పి వచ్చినప్పుడు సిగ్గుపడకుండా 108 సిబ్బందికీ డాక్టర్‌కీ చెప్పాలి.

వెనక్కి తిరగడం

వెనక్కి వెళ్దామని ఇద్దరిలో ఎవరు ఒక్క మాట అన్నా వచ్చేయాలి. డబ్బు పోతుందని, మొక్కు ఆగిపోతుందని, బంధువులు నవ్వుతారని వాదించకూడదు. ఈ ఒప్పందం బయల్దేరకముందే అవ్వాలి. ఛాతీలో బరువు, పడుకుంటే ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం, జ్వరం, కుట్ల దగ్గర చీము, ఇవేవైనా వస్తే అది వెనక్కి వచ్చే విషయం కూడా కాదు, దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్ళే విషయం.

మొక్కులు, చుట్టాలు

ఆపరేషన్ గది బయట మనం ఏడుస్తూ మొక్కుకున్న మొక్కులు చాలా ఉంటాయి. నాకూ ఉన్నాయి. పసుపు బట్టలో ముడుపు కట్టి దేవుడి దగ్గర పెట్టండి. ఏడుకొండలవాడు ఏడాది ఆగుతాడు. ఒంట్లో ఓపిక వచ్చాక వెళ్ళండి, అది కూడా అలిపిరి 3,550 మెట్లు కాదు, బస్సులో. 65 ఏళ్ళు దాటినవారికి ఇచ్చే ప్రత్యేక దర్శనం కోటాలో గుండె ఆపరేషన్ అయినవారికి, కిడ్నీ, క్యాన్సర్, పక్షవాతం ఉన్నవారికి కూడా టీటీడీ అవకాశం ఇస్తుంది. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. జిరాక్స్ చాలదు, డాక్టర్ సర్టిఫికెట్ ఒరిజినల్ వెంట ఉండాలి. మేం రెండో ఏట అలాగే వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం.

మొదటి కొన్ని ప్రయాణాలు ఇద్దరే వెళ్ళండి. పదిమందిలో ఆయన "కూర్చుందాం" అనలేరు. పిల్లలు టెన్షన్ పడతారు, వాళ్ళకి లొకేషన్ పంపి, రోజుకి ఒక్కసారి రాత్రి ఎనిమిదింటికి మాట్లాడతామని చెప్పండి. "ఈ వయసులో ఈ ఒంటితో ఎందుకమ్మా తిరుగుళ్ళు" అనే చుట్టాలకి వచ్చాక ప్రసాదం పంపండి, వెళ్ళేముందు చెప్పకండి.

ఇంటికి వచ్చాక

మర్నాడు పొద్దున బరువు, బీపీ చూసి రాసుకోండి. గుండె బలహీనంగా ఉన్నవారికి రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి కాదు, ఒంట్లో నీరు చేరడం కావచ్చు. డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎక్కడ అలసిపోయారు, ఏ గది బాగుంది, ఏది మర్చిపోయారు అన్నీ ఒక నోటుబుక్‌లో నాలుగు ముక్కలు రాయండి. మందుల రెండు సెట్లూ అదేరోజు మళ్ళీ నింపండి.

తర్వాత గోడమీది క్యాలెండర్‌లో వచ్చే ప్రయాణం తేదీ చూసి, అక్కడినుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి సున్నా చుట్టండి. మాకు ఈసారి మాఘమాసంలో పూరీ. టిక్కెట్లు ఆయనే తీశారు. రెండూ కింది బెర్తులే వచ్చాయి.